రాడార్ అద్దంలో ఉప్పు

గురప్పను రైలెక్కించేందుకు ఇంకా నాలుగు గంటల యాభై నిమిషాల టైముంది.

డిటెక్టివ్ రామాంజులు వాచీలోంచి తలెత్తి, ఎదురుగా సగం చేసిన ట్రంకుపెట్టె మీద కూర్చున్న బయమ్మ వంక చూశాడు. నిన్న సాయంత్రం పోలీసులు మొగుడు గురప్పను తీసుకుపోయినప్పటినుంచి ఆమె ఆ రేకుల కొట్టు వదలలేదు. కళ్లు వాచి ఉన్నాయి గానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"మా ఆయప్ప చేసిన పెట్టెకు ఇంతవరకూ ఒక్క మూల వంకర పోలేదప్పా. తల్లి కొనుక్కున్న పెట్టెలో ఈపొద్దు మనవరాలు బట్టలు పెట్టుకుంటాండాది. అట్లాంటోడు మనిషిని చంపే సామాను చేస్తాడా?"

కేసు కాగితం మీద చూస్తే నాలుగు ముక్కలే. నవంబరు పదో తేదీ రాత్రి ఏడూ నలభైకి అరేబియా సముద్రంలో, భట్కళ్‌కు ఉత్తరాన, ఒక సరుకు ఓడ చిన్న తెరచాప పడవను గుద్దింది. పడవ తిప్పేస్వామిది. ముప్పై ఏళ్లు ఓడల్లో సుకాను, అంటే చుక్కాని, పట్టి, సొంతూరు అనంతపురం చేరి, వేరుశనగ గోడౌనులో రెండేళ్లు ఒంటిచేత్తో కట్టుకుని, లారీ మీద మంగళూరు తీసుకుపోయి నీళ్లలో దించిన పడవ అది. తిప్పేస్వామి గల్లంతయ్యాడు. తోడుగా వెంట పోయిన అదే ఊరి అంగడి మనిషి నల్లప్ప బతికాడు. ఓడవాళ్లు జోరు వాన అనీ, తమ రాడార్‌లో పడవ కనిపించనే లేదనీ అన్నారు. కనిపించేటట్టు చెయ్యాల్సిన రేకు అద్దాన్ని గురప్ప అడ్డదిడ్డంగా చేశాడని, అందుకే మనిషి పోయాడని నల్లప్ప రాసిచ్చాడు. అక్కడి పోలీసులు గురప్పను పంపమని తంతి కొట్టారు. రైలు నాలుగింటికి.

"అద్దం, అద్దం అంటాండారు. అది నిజంగా అద్దమేనా?" అన్నాడు.

"అల్యూమినియం రేకులప్పా. అద్దం అనేది తిప్పేస్వామన్న పెట్టిన పేరు. ఉండు, సూపిస్తా."

బయమ్మ లేచి గూట్లోంచి ఒక పెట్టె మూలను తెచ్చింది. మూల లోపలి మూడు పక్కలా క్షవరానికి వాడే అద్దం ముక్కలు అతికించి ఉన్నాయి. "తొంగి సూడు. ఏం కనపడతాండాది?"

"నా కన్ను."

"ఎడమ పక్కకు జరుగు. ఇప్పుడు?"

"నా కన్నే."

"కిందికి వంగు. మీదికి లెయ్. యాడికి పోయినా నీ కన్ను నీకే కనపడతాది. తిప్పేస్వామన్న మా ఆయప్పకు ఇదే సూపించినాడు. ఓడ యాడుండేదీ మనకు తెల్దు గురప్పా, అది ఏ దిక్కునుంచి సూసినా దాని సూపు దానికే తిరిగి పోవల్ల అన్నాడు."

రామాంజులుకు చటుక్కున అర్థమైంది. డిటెక్టివ్ బోర్డు కట్టకముందు పన్నెండేళ్లు పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసిన మనిషి. ఓడ మీది రాడార్ వదిలిన తరంగం దేనికో తగిలి తిరిగొస్తేనే తెర మీద చుక్క పడుతుంది. ఇనుప ఓడకు తగిలితే తిరిగొస్తుంది. కొయ్య పడవకూ గుడ్డ తెరచాపకూ తగిలిందంటే దాదాపు వచ్చేదేమీ ఉండదు. అలల్లో అలగా కలిసిపోతుంది పడవ. అందుకే మూడు రేకులను ఒకదాన్లో ఒకటి దూర్చి, ఎటు చూసినా లంబకోణపు మూలలు వచ్చేటట్టు ఎనిమిది గూళ్లు చేసి, తెరచాప కట్టే నిలువు కొయ్య మీదికి ఎక్కిస్తారు.

"మూల ఒక్క రవ్వ తప్పినా చూపు వేరే పక్కకు పోతాది. అంతేనా?"

"అదే మాట! రెండు పూటలు మూలమట్టం పెట్టి సూసుకుంటానే ఉండె ఆయప్ప. అడుగు సైజు చాలదా అన్నా అని కూడా అడిగినాడు. రెండింతలు పెద్దది చేస్తే పదహారింతలు బాగా కనపడతాది, పడవ మోసేంత పెద్దది చెయ్యి అన్నాడు తిప్పేస్వామన్న. అడుగున్నర చేసినాడు." బయమ్మ గొంతు కొంచెం మెత్తబడింది. "తగిలించేది గూడా ఒక పద్ధతంట. మొన పైకి పెట్టి యాలాడేస్తే సూసేదానికి సొగసుగుంటాది గానీ పనికి రాదంట. ఒక గూడు ఆకాశం దిక్కు నోరు తెర్చుకొని ఉండల్ల, వాననీళ్లకు గిన్నె పెట్టినట్ల. దానికే మూడు బొక్కలు, మూడు తాళ్లు."

"గిన్నె మాదిరి ఉంటే నీళ్లు నిలబడవా?"

ఆమె ఏడుపు మధ్యలో నవ్వింది. "అదే గదప్పా కత! తిప్పేస్వామన్న అంతా సూసి, ఏం గురప్పా, వానొస్తే నీళ్లు పోయేదానికి అడుగున బొక్క పెట్టలేదే అన్నాడు. మా ఆయప్ప ఏమన్నాడో తెల్సా? వానా! పడితే పట్టిపెట్టుకుంటాం గానీ బొక్క పెట్టి వదుల్తామా అన్నా, అన్నాడు. తిప్పేస్వామన్న కడుపు పట్టుకొని నవ్వె. ఉండనీలే, మన ఊరి సామాను అని సముద్రానికి తెలియనీ, అని అట్లే ఎత్తుకపోయె."

రామాంజులు చెప్పులు తొడుక్కుంటూ ఆగాడు. ఆ మాట ఎందుకో చెవిలో ఉండిపోయింది.

"మీకు తిప్పేస్వామి జాబులు రాసేవాడా?"

"వాళ్లక్క అక్కమ్మవ్వకు రాసేవాడు. ఆయమ్మకు సదువు రాదు. కార్డు మూల చిన్న పడవ బొమ్మ గీస్తాడు, అది సూసి మా తమ్ముడిది అనుకుంటాది. సదివేది మా ఆయప్పే. ఇంగెవరు సదివినా ఆయమ్మకు నమ్మకం లేదు."

* * *

స్టేషన్ వరండాలో ఆ అక్కమ్మే కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి, చేతికర్ర పక్కన పెట్టుకుని, చెంగు నడుము చుట్టూ బిగించి.

"గురప్పతో ఒక్క మాట మాట్లాడనీయప్పా," అంది రామాంజులును చూసి, ఎవరో పెద్ద ఆఫీసరనుకుని. "చిన్న పనుండాది. పొద్దున్నించి కూర్చోనుండా."

"రోంత సేపుండవ్వా. లోపలికి పోయి అడిగొస్తా."

ఏం పని అని అడగాలనిపించలేదు అతనికి. వాచీలో పన్నెండూ పది అయింది. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు తనను తాను తిట్టుకోవాల్సి వస్తుందని అప్పుడు తెలియదు.

లోపల సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రామదాసు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఏడు పోలీసులో చేరారు. ఒకడు సీఐ అయ్యాడు, ఇంకొకడు రాజీనామా ఇచ్చి సైకిల్ షాపు మీద గది తీసుకున్నాడు. ఆ సంగతి రామదాసు ఎప్పుడూ మరిచిపోనివ్వడు.

"రాప్పా వైర్‌లెస్సూ! నువ్వు వెతికే మేకలు దొరికినాయా?"

"మేకలు పోయిన నెలే దొరికినాయి సీఐ గారూ. మీ స్టేషన్ వెనకాల్నే మేస్తాండె."

తలుపు దగ్గర కానిస్టేబుల్ తిప్పన్న నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. రామదాసు మొహం ముడుచుకుంది.

"పని చెప్పు. గురప్పను ఇడిపియ్యల్లని వచ్చినావా? కుదర్దు. తంతి వచ్చింది, రైలుకు పంపించేదే నా పని. రేకులోడు తప్పు చేసినాడా లేదా అనేది ఆడోళ్లు తేల్చుకుంటారు."

"తేల్చుకునేంతవరకూ గురప్ప ఆడి జైల్లో ఉంటాడు. బాస తెల్దు, జామీనిచ్చేదానికి మనిషి లేడు. నల్లప్పను పది నిమిషాలు అడగనీయి. అంతే."

నల్లప్ప అక్కడే ఉన్నాడు. వాచీలు, ట్రాన్సిస్టర్లు అమ్మే అంగడి యజమాని. నలభై ఏళ్లుంటాయి. నుదుటి మీద పట్టీ, ఎడమ చేతికి మెరిసే కొత్త వాచీ. చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు.

"అడుగన్నా. దాచిపెట్టేది ఏముండాది? నాకూ తిప్పేస్వామన్న అంటే ప్రాణమే."

"గుద్దింది ఏడూ నలభైకేనా?"

"ఏడూ నలభై. ఒక్క నిమిషం తేడా లేదు."

"నీళ్లలో నానినా ఆగలేదే నీ వాచీ!"

"ఫారిన్‌ది గదన్నా."

"రశీదుండాదా?"

నల్లప్ప నవ్వాడు. రామదాసు బల్ల మీద చప్పుడు చేశాడు. "వాచీ సంగతి యాల? కేసు అడుగు!"

"కేసే అడుగుతాండా. అంత పెద్ద ఓడ దగ్గరికొస్తాంటే మీరు చూడలేదా?"

"యాడ సూసేదన్నా! వాన. ఆరు గంటలకు పట్టుకున్నింది. అర చెయ్యి సూస్తే కనపడేట్లు లే."

"ఆరుకా, ఏడుకా?"

"ఆరుకన్నా. ఆరు కొట్టంగానే మొదటి చినుకు పడె. పదకొండు దాకా కుండలతో కుమ్మరిచ్చినట్ల పోసె. మధ్యలో ఒక్క నిమిషం తెరిపిస్తే ఒట్టు. కాగితంలో గూడా రాయించినా."

"అంతకు ముందు రోజులు?"

"రెండో తారీకు మంగళూరు ఇడ్సినాము. ఆ పొద్దునుంచీ చినుకు లేదు. ఎండ మాడ్చేసె. గాలి మాత్రం బలంగుండె. అలలు ఎగిరెగిరి కొయ్య మీదికి జల్లు కొడతానే ఉండె. తొమ్మిదిన ఒక పూట భట్కళ్‌లో ఆగినాము, అంతే."

"అద్దం?"

"మంగళూర్లో ఎక్కించింది ఎక్కించినట్లే ఉన్నింది. ఒక్క తూరి గూడా దించలే."

"గుద్దినప్పుడు కొయ్య మీదనే ఉన్నిందా?"

"కొయ్య మీదనే. కొయ్య విరిగి పడవలోనే పడె. అద్దం దానికే పట్టుకోనుండె. తెల్లారి చేపలోళ్లు నన్నూ పడవనూ ఈడ్సుకొచ్చేటప్పటికి గూడా అట్లే ఉండె. పోలీసోళ్లు సూసినారు." నుదుటి పట్టీ తడుముకున్నాడు. "గుద్దంగానే తిప్పేస్వామన్న ఎగిరి నీళ్లలో పడినాడు. నల్లప్పా అని ఒకే ఒక్క కేక. అంతే."

రామాంజులు తలాడించాడు. ఎదుటి మనిషి వాన కథ అంత ఇష్టంగా ఎందుకు చెబుతున్నాడో తెలుస్తూనే ఉంది. వాన ఎంత పెద్దదైతే కళ్లతో చూడలేకపోయిన తప్పు అంత చిన్నదవుతుంది, నేరమంతా అద్దం మీదికి పోతుంది.

నల్లప్ప లేచి నిలబడ్డాడు. "నేను పోవల్లన్నా. అక్కమ్మవ్వను మంగళూరుకు పిల్సుకపోతాండా. తమ్ముడు పోయిన సముద్రాన్ని ఒక తూరి సూపించమని ఒకటే ఏడుపు. ఆడ కాగితాల మీద ఏలిముద్ర గూడా ఏస్తాది." లాకప్ దగ్గర ఆగి, లోపల మోకాళ్ల మీద తల పెట్టుకున్న గురప్పను పిలిచాడు. "గురప్పా, తప్పు జరిగిపాయె. నాకేం కోపం లేదులే. అవునూ, తిప్పేస్వామన్న దావలో నీ కొట్టుకు కార్డేమన్నా రాసినాడా?"

"లేదన్నా," అన్నాడు గురప్ప తలెత్తకుండానే.

"సరేలే." నల్లప్ప తేలిగ్గా ఊపిరి వదిలి బయటికి పోయాడు. కాసేపటికి కారు కదిలిన చప్పుడు వినిపించింది. గోడ గడియారం ఒంటిగంట చూపిస్తోంది.

* * *

పట్టుబడి సామాన్ల గదిలో, గురప్ప చేత గుర్తు పట్టించమని అక్కడి పోలీసులు పంపిన గోనెసంచి విప్పగానే రామాంజులు మొదట చూసింది తాడు. రేకు అద్దం ఒక మొన దగ్గరున్న బొక్కలోంచి నీలం నైలాను తాడు ఒక్కటే దూర్చి కట్టి ఉంది. విరిగిన కొయ్య ముక్కలోని ఇనుప వలయం దానికే వేలాడుతోంది. గురప్ప పెట్టిన మూడు నూలు తాళ్లు మాత్రం పక్కన ముద్దగా చుట్టి ఉన్నాయి.

"దీన్ని ఇట్లే దొరికించుకున్నారా?"

"పంచనామాలో రాసుండాది. ఒక అక్షరం మార్చలేదు," అన్నాడు రామదాసు. "సూసినావు గదా? ఇంగ నడువు."

"గురప్పను ఒక పది నిమిషాలు ఈడికి పిలిపియ్యి."

"ముద్దాయిని సామాను దగ్గరికి పిలిపిచ్చేదా? నీకేమన్నా మతి పోయిందా వైర్‌లెస్సూ?"

"నువ్వుండు, తిప్పన్న ఉండనీ. వాని చేతికి ఏమీ ఇయ్యొద్దు, మూలమట్టం ఒక్కటి తప్ప. రామదాసూ, వాడు తప్పు చేసినాడని నాకు అనిపిస్తే నా చేత్తోనే రైలెక్కిస్తా. పోనీ, అదేమన్నా నీకు నష్టమా?"

రామదాసు ఒక నిమిషం మీసం దువ్వుకున్నాడు. చెడ్డవాడు కాదు. పై నుంచి వచ్చిన కాగితాన్ని ప్రశ్నించే అలవాటు లేనివాడు, అంతే. "పది నిమిషాలు. పదకొండోది అడగొద్దు."

గురప్ప వచ్చి, తన చేతి పనిని చూసి నోరు తెరిచాడు.

"ఎవురు కట్టినారప్పా దీన్ని ఇట్ల? మొనకు యాల కట్టినారు? తిప్పేస్వామన్న ఇట్ల కట్టడు!"

"ముందు మూలలు చూడు."

గురప్ప మూలమట్టం అందుకున్నాడు. మొదటి గూట్లో నిలకడగా ఆనించాడు. పనివాడి చెయ్యి. ఒక్కొక్క గూడూ, ఎనిమిదీ చూశాడు. మట్టానికీ రేకుకూ మధ్య వెంట్రుక దూరే సందు లేదు.

"సరిగ్గానే ఉండాదప్పా. నేను చేసింది చేసినట్లే ఉండాది."

రామాంజులు రామదాసు వైపు తిరిగాడు. "పల్చటి రేకు. వేల టన్నుల ఓడ గుద్దింది. ఇంత లావు కొయ్య ఫట్టుమని విరిగింది. దాని తలకాయ మీదున్న రేకు మూల మాత్రం ఒక్కటీ వంగలే!"

"అదృష్టం. పడేటప్పుడు తెరచాప గుడ్డ మీద పడిండొచ్చు."

"పడిండొచ్చు." రామాంజులు వాదించలేదు. మూడు నూలు తాళ్లు విప్పి, గురప్ప చెప్పినట్టు మూడు బొక్కల్లోకి ఎక్కించి, అద్దాన్ని కిటికీ కమ్మీకి తగిలించాడు. ఒక గూడు ఆకాశం వైపు నోరు తెరిచి, సమంగా నిలిచింది. స్టూలెక్కి అందులోకి తొంగి చూశాడు.

స్టూలు మీదే కదలకుండా నిలబడిపోయాడు.

"ఏమప్పా, పాముందా?" అన్నాడు రామదాసు.

"ఎక్కి చూడు. చెయ్యి మాత్రం పెట్టొద్దు."

ఇద్దరూ ఒక స్టూలు మీద పట్టలేక ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. గూడు అడుగున తెల్లటి పొర. పైకి పోయేకొద్దీ మూడు రేకుల మీదా సన్నటి తెల్ల గీతలు, ఒకదాని మీద ఒకటి. చెరువు ఎండుతున్నప్పుడు కట్ట రాళ్ల మీద మిగిలే గీతల్లాగా.

రామాంజులు గోటి కొసతో చిటికెడంత గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. "ఉప్పు."

"సముద్రపు సామాను గదా, ఉప్పు గాక చక్కెర ఉంటాదా?"

"ఊరికే సముద్రపు నీళ్లు తగిలుంటే ఎనిమిది గూళ్లల్లోనూ ఉండల్ల. మిగతా ఏడూ చూడు. ఊరికే సముద్రపు గాలికి మసకేసినాయి. పొర ఈ ఒక్కదాన్లోనే ఉండాది. ఇంకోటి చూడు, ఈ గీతలు నేలకు సమంగా ఉండాయి. మూడు తాళ్ల మీద ఇట్ల వేలాడితేనే వస్తాయి. మొనకు కట్టుంటే గూట్లో నీళ్లే నిలబడవు."

గురప్ప కింద నుంచి మెల్లగా అన్నాడు. "అల జల్లు పడి నీళ్లు నిలిచింటాదప్పా. ఎండకు ఆరింటాది. మళ్లీ పడింటాది, మళ్లీ ఆరింటాది. నేను బొక్క పెట్టలే. ఎవురైనా పెడతారు, నేను పెట్టలే."

"నువ్వు పెట్టకపోవడమే నిన్ను కాపాడతాండాది గురప్పా." రామాంజులు స్టూలు దిగి, బల్ల మీది గ్లాసు నీళ్లలో గోటి కొసలో మిగిలిన ఉప్పును విదిలించాడు. అది నీళ్లను తాకీ తాకగానే మాయమైంది. గ్లాసును రామదాసు కళ్లముందు పెట్టాడు. "రామదాసూ, ఆ రోజు వాన ఎప్పుడు మొదలైంది?"

"ఆరుకు."

"ఎన్ని గంటలు?"

"పదకొండు దాకా. ఐదు గంటలు. కుండలతో..." రామదాసు మాట మధ్యలో ఆగిపోయింది. గ్లాసు వంక, గూటి వంక చూశాడు. గడ్డం కింద చెమట తుడుచుకున్నాడు.

"కుండలతో కుమ్మరించినట్ల. అంత వానలో ఈ గిన్నె నోరు తెర్చుకొని కొయ్య మీద ఉంటే, ఎనిమిది రోజుల ఉప్పంతా కడుక్కుని పొర్లి పోయుండల్ల. ఒక్క గీత మిగలకూడదు. మిగిలింది. అంటే మొదటి చినుకు పడకముందే ఇది కొయ్య మీదనుంచి దిగింది. ఏదో పొడి చోట, వెనకాల గదిలోనో పెట్టెలోనో దాక్కునుండాది. ఓడ గుద్దినప్పుడు కొయ్య మీద లేదు గాబట్టే రేకు వంగలే. వాన నిలిచినాక, తెల్లారేలోగా, దీన్ని బయటికి తీసి ఇరిగిన కొయ్యకు తగిలించినారు. ఎట్ల తగిలించల్లో తెలియనోళ్లు తగిలించినారు. మొనకు, ఒంటి తాడుతో."

గురప్ప గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

"నల్లప్పా?" అన్నాడు రామదాసు. "ఎందుకు దించినాడు? వాడూ అదే పడవలో ఉన్నె గదా! వానికి చావల్లని ఉండిందా?"

"వాడు ఓడల గురించి ఆలోచించలే. ఆ తీరంలో కస్టమ్స్ లాంచీలు తిరుగుతాంటాయి. వాటికీ రాడార్ ఉంటాది. అద్దం ఎక్కిస్తే అందరికీ కనపడతాము, దించితే ఎవరికీ కనపడము. లాంచీకి ఒక రకంగా, ఓడకు ఇంకో రకంగా కనపడేది ఉండదు. రశీదు లేని వాచీలు ఆ అంగడికి యాడినుంచి వస్తాండాయో నువ్వెప్పుడన్నా అడిగినావా?"

రామదాసు ఆ దెబ్బను మింగాడు. గురప్ప పక్కకు పోయి, చెయ్యిచ్చి లేపాడు. "లెయ్యప్పా. రైలు లేదు ఈపొద్దు. నేను ఆడికి తంతి ఇస్తాలే."

గురప్ప లేచాడు గానీ మొహంలో సంతోషం రాలేదు. ఏదో తప్పు లెక్క కనిపించినవాడిలా నుదురు ముడిచి అద్దాన్నే చూస్తున్నాడు.

"ఒక మాటన్నా," అన్నాడు రామాంజులుతో. "తిప్పేస్వామన్న దీన్ని దించనీడు."

"రాత్రిపూట దించనీడా?"

"ఎప్పుడూ దించనీడు. నీకు తెల్దు. ఆయప్ప పెద్ద ఓడలో సుకాను పట్టేటప్పుడు, ఒకనాడు చీకట్లో ఏదో గీరుకున్నట్ల చిన్న చప్పుడైందంట. అంతే. తెల్లారి సూస్తే ఓడ ముందర ఒక తెరచాప గుడ్డ ఇరుక్కోనుండాదంట. కొయ్య పడవ. ఎంతమంది ఉండిరో ఈపొద్దుకు గూడా తెల్దంట. నా కొట్లో కూర్చోని ఈ కత చెప్పి చిన్న పిల్లోడి మాదిరి ఏడ్సినాడు. నేను పానాలతో ఉన్నంతవరకు నా పడవ కనపడకుండా పోదు గురప్పా, అన్నాడు. దించమని నల్లప్ప కాళ్లు పట్టుకున్నా, గొంతు పట్టుకున్నా..."

చివరి మాట నోట్లోంచి వచ్చేసరికి గురప్పకే భయమేసి ఆగిపోయాడు.

రామాంజులు మెల్లగా వాచీ చూసుకున్నాడు. ఇప్పుడు టైము కోసం కాదు. ఆరు గంటలు. ఏడూ నలభై. ఆ రెంటి మధ్యలో ఒక గంటా నలభై నిమిషాలు, వానలో, చీకట్లో, అద్దం లేని పడవ.

"రామదాసూ," అన్నాడు. "ఏడూ నలభైకి ఓడ గుద్దేటప్పటికి తిప్పేస్వామి పడవలో లేడు. అద్దం దిగింది ఆరు లోపల. ఆయప్ప పోయింది దానికంటే ముందు. ఇది గురప్ప కేసు కాదు, ఓడ కేసు కూడా కాదు. నల్లప్ప తిప్పేస్వామిని చంపినాడు. పడవ నడిపే మనిషిని నీళ్లలోకి నెట్టేసినాడు. నడపడం చేతకాని మొగోడు గంటా నలభై నిమిషాలు వానలో తిరిగి తిరిగి ఓడకు అడ్డం పోయినాడు."

"సాక్ష్యం? ఉప్పు ఒక్కటి చాలదప్పా. కోర్టులో..."

"చాలదు. తిప్పేస్వామి నోటి మాట ఒక్కటన్నా..." రామాంజులు ఆగిపోయాడు. 'కార్డేమన్నా రాసినాడా?' లాకప్ ముందు నల్లప్ప తేలిగ్గా వదిలిన ఊపిరి గుర్తొచ్చింది. "గురప్పా! భట్కళ్‌లో పోస్టు చేసిన కార్డు నీకు ఎన్ని దినాలకు చేరుతాది?"

"ఐదో, ఆరో. నేను నిన్నట్నుంచీ లోపలుండా గదప్పా. పోస్టు మనిషి నన్ను సూడకుంటే నేరుగా అక్కమ్మవ్వకే ఇస్తాడు."

*గురప్పతో ఒక్క మాట మాట్లాడనీయప్పా. చిన్న పనుండాది. పొద్దున్నించి కూర్చోనుండా.*

రామాంజులు వరండాలోకి పరుగెత్తాడు. అరుగు ఖాళీ. చేతికర్ర ఆనించిన చోట గోడ మీద చిన్న గీత మాత్రం ఉంది.

"తిప్పన్నా! అక్కమ్మవ్వ నీతో ఏమన్నా మాట్లాడిందా?"

వెనకాలే వచ్చిన కానిస్టేబుల్ తిప్పన్న బిత్తరపోయి చూశాడు. "కారెక్కేముందు మాట్లాడింది సార్. కొంగు ముడిలోంచి కార్డు తీసి సూపించింది. మూలకు పడవ బొమ్మ ఉండె. మా తమ్ముడు ఆఖర్న ఏం రాసినాడో సదివి పెట్టు నాయనా అనింది."

"చదివినావా?"

"నన్ను సీఐ సారు సామాన్ల గది తెరవమని లోపలికి పిలిచె గద సార్. పాపం, ముసలామె అనిపిచ్చింది. దావంతా తోడుండే మనిషే గదవ్వా, కార్లో కూర్చోని నల్లప్పతో సదివించుకో అని..." అతను ఖాళీ అరుగు వంక చూశాడు. "నేనే చెప్పినా సార్."

స్టేషన్ ముందర, రామదాసు అప్పటికే జీపు ఎక్కి కూర్చున్నాడు. పక్క సీటు మీది టోపీని తీసి కిందికి విసిరేశాడు, రామాంజులుకు చోటు ఇవ్వడానికి.